నడివయస్సు విద్యార్థి - గిడుగు రామమూర్తి పంతులుగారు

జుగ్సలాయిలో మా పెద్దక్కయ్యగారి యిల్లున్నది. టాటానగర్ స్టేషనులో దిగినవారు పెట్టె చేతబట్టుకొని నడిచిపోదగినంత దూరమే. బావగారు రైల్వేలో పనిచేసి అక్కడనే స్థిరపడినారు. సచివాలయపు ఫైళ్లనుండి పదిదినములు సెలవు దొరికినప్పుడెల్ల నేనచ్చటికి పోవుచుందును. మార్వాడీ వర్తకుల అంగళ్లముందు నిలుచుండి చెవియొగ్గినచో హిందీ, బెంగాలీలతోపాటు శ్రీకాకుళపు యాస తెలుగు కూడ వినబడును. ఇనుప కర్మాగారమునకును, నాటి బెంగాల్ నాగపూర్ రైల్వేకును పనికై తరలివచ్చిన మనవారి సంతతి అది. వారి మనుమలు ఇప్పుడు తెలుగు చదువలేకున్నను, కోపము వచ్చినప్పుడు మాత్రము తెలుగే మాటలాడుదురు.

క్రిందటి శీతకాలమున ఒకనాటి ఉదయము అక్కయ్య గుమ్మమువద్ద కూరలు బేరమాడుచుండెను. కూరలమ్మ సంతాలు స్త్రీ. ఆమె తనతో వచ్చిన పిల్లకు చిల్లర లెక్కపెట్టి యిచ్చుచు, మిత్, బార్, పే, పోన్, మోణే, తురుయ్ అని తన భాషలో లెక్కించుచుండెను. నేను పత్రిక ప్రక్కనబెట్టి వినుచుంటిని. మోణే అనగా అయిదు, తురుయ్ అనగా ఆరు. ఈ మాటలు నేనెక్కడనో చదివినట్లు తోచెను. సవరభాషలో అయిదునకు మొల్లోయి అనియు, ఆరునకు తుడ్రు అనియు పేర్లు. సంతాలీలో పదిని గెల్ అందురు. సవరలో అది గల్జి. నీటికి అక్కడను ఇక్కడను దా అను ధ్వనియే మూలము. పర్లాకిమిడి కొండలలోని సవరలును, ఈ సింగ్‌భూమ్ ప్రాంతపు సంతాలులును, హో జనులును ముండా భాషాకుటుంబమునకు చెందినవారు. ఈ సంగతి భాషాశాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. కాని వంగతోటలు, టమాటాలు, లెక్కలు, చిల్లర పైసల నడుమ దానిని చెవులార వినుట నాకు క్రొత్త. సవర సంఖ్యలు నేను నేర్చినది గిడుగు రామమూర్తి పంతులుగారిని గూర్చి చదువుచున్నప్పుడే. అందువలన ఈ సంవత్సరము మన సంఘపు సంచికకు ఏమైన వ్రాయుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు వేరు విషయము వెదకికొనలేదు.

పంతులుగారు వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా మనకందరకును తెలిసినవారే. ఆగస్టు 29వ తేదీన ఆయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. చిత్రపటమునకు పూలమాల వేయుచున్నాము. కాని నేనిచ్చట చెప్పదలచినది మరియొక విషయము. ఆయన దేనివలన ప్రసిద్ధులైరో ఆ పనులలో ఒక్కటియు ఆయన చిన్ననాట చదివిన చదువు కాదు, జీతము తీసికొని చేసిన ఉద్యోగమును కాదు. శాసనములు, సవరభాష, తెలుగు భాషాచరిత్ర: ఈ మూడింటిని ఆయన ఉద్యోగము, సంసారము, పిల్లలు ఏర్పడిన పిమ్మట, ఒకదాని తరువాత నొకటి, అక్షరాభ్యాసమునుండి ఆరంభించిరి.

ఆయన 1863వ సంవత్సరమున శ్రీకాకుళ ప్రాంతమున, వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రిగారు వీర్రాజుగారు 1875లో గతించుటతో పండ్రెండేండ్ల బాలుడు చదువుకొఱకు విజయనగరము చేరెను. అచ్చట మహారాజావారి పాఠశాలలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషను పూర్తియైనది, వివాహమును జరిగినది. మరుసటి సంవత్సరమే ముప్పదిరూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయపదవి. అప్పటికి ఆయన వయస్సు పదునేడు. మనలో ననేకులవలెనే చదువు ముగియకముందే ఉద్యోగమున ప్రవేశించి, ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా పరీక్షలకు కూర్చుండిరి. 1886లో ఎఫ్.ఏ. పూర్తిచేసిరి, బి.ఏ. పట్టము చేతికి వచ్చునప్పటికి ముప్పదియేండ్లు దాటినవి. చరిత్ర విషయమున రాష్ట్రమంతటిలో మొదటితరగతిలో రెండవస్థానము లభించినది. శాఖాపరమైన పరీక్షలకు రాత్రులు చదివిన అనుభవము గల మన సభ్యులకు దాని విలువ నేను వేరుగ చెప్పనక్కరలేదు.

చరిత్ర చెప్పు ఉపాధ్యాయునకు పాఠ్యపుస్తకము చాలును. ఢిల్లీ సుల్తానులు, ఇంగ్లండు రాజులు వరుసగ వచ్చి పోవుదురు. కాని పర్లాకిమిడికి అనతిదూరమున ముఖలింగమున్నది. ఆ ఆలయపు స్తంభములపైనను గోడలపైనను శాసనములున్నవి. వానిని చదువు విద్య ఆయనకెవ్వరును నేర్పలేదు. పాఠశాల సెలవులలో అచ్చటికి పోయి, ప్రాచీనలిపులను తమంతట తాము గుర్తుపట్ట నేర్చిరి. ఊరక నేర్చి ఊరకుండలేదు. నడగాము తామ్రశాసనములను పరిష్కరించి, అప్పటి ప్రభుత్వ పురాలేఖ పత్రికయైన ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటములో ప్రకటించిరి. అవి తూర్పుగాంగరాజగు వజ్రహస్తుని కాలమునాటివి, శకవర్షము 979, అనగా 1057వ సంవత్సరమునకు చెందినవి. గాంగుల రాజధానియైన కళింగనగరము మఱెక్కడిదో కాదు, ముఖలింగమే యని వాదించి నిలబెట్టినవారును ఆయనయే. ముప్పదియేండ్ల వయస్సు దాటిన ఒక జమీందారీ పాఠశాల చరిత్రోపాధ్యాయుడు, సెలవుదినములలో కలిగిన వినోదముతో, శాసనశాస్త్రజ్ఞుల పంక్తిలో కూర్చుండెను. మన సహోద్యోగులలో చారిత్రకస్థలములకు పోయి ఛాయాచిత్రములు తీసికొని వచ్చువారు చాలమంది యున్నారు. నేనును వారిలో ఒకడనే. శాసనముముందు నిలుచుండి ఫొటో తీయించుకొంటిమేగాని, అందులో ఒక్క యక్షరమైన కూడబలుకుదమను కోరిక కలుగలేదు.

ఇంతకంటె కష్టమైనది సవరభాష. పర్లాకిమిడి బజారునకు కొండలనుండి సవరలు దిగివచ్చి తమ సరకులమ్ముకొని, కావలసినవి కొనుక్కొని పోవుచుండిరి. వారి మాట ఊరివారికి తెలియదు, ఊరివారి లెక్క వారికి తెలియదు. ఆ నడుమ ఎవరు లాభపడుదురో ఊహింపవచ్చును. వీరి భాష నేర్చుకొని, వీరికి వీరి భాషలోనే చదువు చెప్పవలెనను తలంపు పంతులుగారికి కలిగినది. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపియే లేదు. తెలుగు, సవర రెండును వచ్చిన ఒకనిని ఇంటనే ఉంచుకొని, అతనినే గురువుగా చేసికొని మొదలుపెట్టిరి. ఆనాటి ఆచారపరుల కుటుంబములలో, ఆనాటి అగ్రహారపు వాతావరణములో, కొండభాషకై గురువును ఇంట పెట్టుకొనుట యెట్టిదో నేటివారికి వెంటనే బోధపడదు. పగలు పాఠశాలలో చరిత్ర. సాయంకాలము తామే విద్యార్థి. అది ఒక మాసము, రెండు మాసముల ముచ్చట కాలేదు. ఏండ్లు గడచినవి.

ఆ భాషలో లెక్కపెట్టు పద్ధతియే చూడుడు. ఒకటినుండి పండ్రెండువరకు వేరువేరు పేర్లున్నవి. పదమూడనవలెనన్న పండ్రెండును ఒకటియు ననవలెను. ఇరువది వచ్చునప్పటికి మరల క్రొత్త మెట్టు. ముప్పదిమూడనుటకు ఇరువదియు, పండ్రెండును, ఒకటియు అని చెప్పుకొనవలెను. పదులలో ఆలోచించు మనకు తల తిరుగును. సవర బాలునకు మన పద్ధతియే వింత. ఇక ధ్వనుల సంగతి. మాట నడుమ గొంతు చటుక్కున మూసికొని తెరచికొను ఒక ధ్వని యున్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరము లేదు. దానిని విన్నవారు విననట్లే పోవుదురు. పంతులుగారు వినిరి. దానికొక గుర్తు కావలెనని తెలిసికొనిరి. తొలుత తెలుగు లిపిలోనే సవర వాచకములు వ్రాసినను, పిదప అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతులను అభ్యసించి, ఆ మార్గమున వ్యాకరణము కూర్చిరి. సవరలకు పాఠశాలలు పెట్టి, తమ సొంతడబ్బుతో ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. ఆయన కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు కూడ ఈ కృషిలో చేరి స్వయముగ పండితులైరి. 1913లో ప్రభుత్వము పంతులుగారికి బిరుదునొసగి గౌరవించినది.

దీనికి ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. మలేరియాకు పుట్టినిల్లనదగిన ఆ కొండలలో తిరుగుటచే జ్వరము పట్టుకొన్నది. ఆ రోజులలో మందనగా క్వినైనే. అది ఎక్కువ మోతాదులలో పుచ్చుకొన్నందున ఆయనకు చెముడు వచ్చినది. ఎవరును గుర్తింపని గొంతులోని సూక్ష్మధ్వనిని పట్టుకొనుటకు ఏ చెవులు ఆయనకు తోడుపడినవో ఆ చెవులే పోయినవి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. నలుబదవయేట నేనొక హార్మోనియము కొంటిని. మూడువారముల తరువాత నడుమునొప్పి వచ్చినదని దానిని బీరువామీద పెట్టితిని. అది ఇప్పటికిని అక్కడనే యున్నది. ఇంటిలోనివారు దానిపై పాత సూట్‌కేసు నుంచినారు.

చెముడు వచ్చినదని పంతులుగారు సవరను విడువలేదు. మద్రాసు ప్రభుత్వము ఆయన సవరభాషా వ్యాకరణమును 1931లో ఆంగ్లమున ముద్రించినది. ఇంచుమించు ముప్పదియైదేండ్ల కృషి అది. తరువాత నిఘంటువులును వెలువడినవి. మన రైల్వే సోదరులకొక ముచ్చట: పర్లాకిమిడి రాజావారు నౌపడానుండి వేయించిన చిన్నరైలు 1900లో నడచుట మొదలిడినది, అది సవరదేశపు అంచున నున్న గుణుపురమునకు చేరునప్పటికి 1931 వచ్చినది. రైలును, వ్యాకరణమును ఒకే యేట గమ్యము చేరినవి. రైలునకు జమీందారీ ధనమున్నది. వ్యాకరణమునకున్నది ఒక ఉపాధ్యాయుని సాయంకాలములే.

ఇక మూడవ విద్య, దానివలననే ఆయన పేరు ఆంధ్రదేశమంతట మ్రోగినది. 1907వ సంవత్సరము. టాటావారి ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమైనదియు ఆ యేడే. జుగ్సలాయి ప్రక్కన అప్పటికి పొగగొట్టములు లేవు. ఆ స్టేషనుపేరు కాళీమాటి. ఆ కాలమున ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా యేట్సుదొర వచ్చెను. తెలుగు నేర్చుకొనవలెనను కోరికగల ఆ ఆంగ్లేయునికొక సందేహము కలిగెను. జనులు మాటలాడు తెలుగొకటి, బడిలో పిల్లలచే వల్లెవేయించు తెలుగొకటి యేల? విశాఖపట్టణమున కళాశాల ప్రధానాచార్యులగు పి. టి. శ్రీనివాసయ్యంగారిని అడుగగా, దీనికి జవాబు చెప్పదగినవారు గురజాడ అప్పారావుగారును, గిడుగు రామమూర్తిగారును అని ఆయన చెప్పెను. పంతులుగారికి అప్పటికి నలుబదినాలుగేండ్లు. ఆయన తెలుగు పండితులు కారు, చరిత్రోపాధ్యాయులు. తెలుగు తమ వృత్తివిషయము కాదని తప్పుకొనవచ్చును. ఆఫీసులలో మనము నిత్యమును చేయుచున్నది అదియే గదా. ఇది మా సెక్షనుకు సంబంధించినది కాదని నోటు వ్రాసి పైకి పంపుదుము.

ఆయన మరల మొదటినుండి ఆరంభించిరి. ప్రాచీన కావ్యములు, వ్యాఖ్యానములు, తాళపత్రములలోని వచనములు, శాసనముల భాష ఒక్కొక్కటిగ చదివి ప్రయోగములు సేకరించిరి. ముఖలింగమున నేర్చిన శాసనవిద్య ఇప్పుడక్కఱకు వచ్చెను: వాడుకరూపములు నిన్న మొన్న పుట్టినవి కావనియు, రాతిమీదను ఉన్నవనియు చూపగలిగిరి. సవరభాష నేర్పిన విద్య ఇంకను ముఖ్యమైనది. లిపిలేని భాషకు గూడ నియమమున్నదని, వ్యాకరణము పుస్తకములో పుట్టదు, నోట పుట్టునని కొండవారి మధ్య కూర్చుండి తెలిసికొన్నవారు ఆయన. సంస్కృతవ్యాకరణము, కావ్యములు మాత్రమే చదివిన పండితునకు ఆ చూపు దొరకుట కష్టము. కొండలలో తిరుగుట వృథాకాలక్షేపమని ఆనాడు నవ్వినవారుండియుందురు. ఆ కాలక్షేపమే తెలుగు వచనపు గతిని మార్చినది.

దారి సుఖముగ సాగలేదు. 1911లో ఆయన ఉద్యోగవిరమణ చేసిరి. ఆ సంవత్సరమే ఆంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడినది. జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులైరి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును వాడుకభాషలోనైనను వ్రాయవచ్చునని ప్రభుత్వము అనుమతించినది. పండితుల ఆందోళనచే ఆ యనుమతి కొద్దికాలమునకే పోయినది. మిత్రులు గురజాడవారు 1915లో కాలధర్మము నొందిరి. ఆ పిమ్మట ఉద్యమభారము చాలవరకు పంతులుగారిమీదనే పడినది. ఏబదియారవయేట, 1919లో, తెలుగు అను పేర మాసపత్రికను పెట్టిరి. పత్రిక నడపుట ఆయనకు తెలియని పని, అదియు నేర్చుకొనిరి. పత్రిక ఎక్కువకాలము నిలువలేదు. అయినను సభలు మానలేదు. వినబడని చెవులతో సభలకు పోయి, సంచులనిండ గ్రంథములు తీసికొనిపోయి, గ్రాంథికవాదులు తమ రచనలలో తామే పెట్టుకొన్న నియమములను తప్పిన చోట్లు పుటసంఖ్యలతోసహా చదివి వినిపించెడివారు. బాలకవిశరణ్యము ఆ వాదములనుండి పుట్టినదే. 1924లో పరిషత్తు తన నిషేధమును సడలించుకొన్నది. 1925లో తణుకు సభలో ఆయన నాలుగుగంటలసేపు మాటలాడిరని ప్రసిద్ధి. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు మొదట గ్రాంథికపక్షమున నిలిచి గురువుగారితో వాదించినవారే; పిమ్మట ఆయన మార్గమునకు వచ్చి తెలుగు పత్రికల భాషనే మార్చిరి.

ఇచ్చట నేనొక తప్పొప్పుకొనవలెను. పంతులుగారిని గూర్చి వ్రాయుచు ఈ భాషలో వ్రాయుట ఆయనయెడ అపచారమే. నా తెలుగు మా తాతగారి ఉత్తరములు చదివి వచ్చినది. కలము పట్టగానే ఇట్లే సాగును. ఆయన యున్నచో ఈ వ్యాసములోని తప్పులన్నియు పుటసంఖ్యలతో చూపియుందురు. నలుబదియైదేండ్లకు చేతివాటము మారదని నేననినచో, ఆయన జీవితమే నాకు విరోధసాక్ష్యమగును. కాబట్టి ఏమియు అనను.

ఆయన విజయములను మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. 1934లో కైజరె హింద్ పతకము వచ్చినది. రెండేండ్లకే దానికంటె పెద్ద దెబ్బ తగిలినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. ఏబదియైదేండ్లకు పైగ నివసించిన ఊరు. తాను కట్టుకొన్న సంసారము, తాను చెప్పిన చదువులు, తాను తిరిగిన కొండలు అచ్చటనే యున్నవి. ప్రారంభోత్సవమునాడు అందుండుటకు మనసొప్పక, డెబ్బదిమూడవయేట ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. బదిలీ ఉత్తరువు చేతికి రాగానే మన యిండ్లలో ఎట్టి కలవరము పుట్టునో మనకు తెలియును. అది మూడేండ్లకో అయిదేండ్లకో ముగియు బదిలీ. ఆయనది ముగియని బదిలీ. ఒక్క విశేషము చెప్పుకొనవలెను. ఆ 1936లోనే సవరలలో మంగై గొమాంగో అను నాయకుడు తన జాతిభాషకు సొరాంగ్ సొంపెంగ్ అను స్వంత లిపిని కల్పించెను. పంతులుగారి అక్షరములను కాదని, సవరలు తమ అక్షరములు తామే చేసికొనిరి. ఒక భాషకు చదువు రావలెనని కోరినవారికి ఇది పరాజయము కాదని నా అభిప్రాయము. సంతాలీకి పండిత రఘునాథ ముర్ము ఓల్ చికి లిపిని అంతకుముందే, 1925లో, రూపొందించియుండెను. ఆ సంతాలీ 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. సవర నేటికిని చేరలేదు.

రాజమహేంద్రవరములోను పంతులుగారు విశ్రాంతి కుర్చీలో కూర్చుండలేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వము ప్రచురించినది. ముప్పదియేండ్ల ప్రాయమున, ఒక దుబాసిని ఇంట కూర్చుండబెట్టుకొని, నీటికేమందురు, నిప్పునకేమందురని అడిగి ఆరంభించిన మాటలపట్టిక, డెబ్బదియైదవయేట పుస్తకమై చేతికి వచ్చినది. 1940 జనవరిలో మద్రాసునకు పోయి, ఒక పత్రికా కార్యాలయమున సంపాదకులను సమావేశపరచి, వార్తాపత్రికలు ప్రజల భాషలో వ్రాయవలసినదని వేడుకొనిరి. వారము దినములకే, జనవరి 22వ తేదీన, కన్నుమూసిరి.

జుగ్సలాయినుండి తిరిగివచ్చుటకు ముందుదినము ఆ కూరలమ్మ మరల వచ్చెను. నేను హిందీలో ఆమెను దీదీ అని పిలిచి, లెక్క నేర్పుమంటిని. బాబుగారికి ఈ వయస్సున ఇదేమి సరదా యని నవ్వి, ఆమె వంకాయలు ఒక్కొక్కటిగ తక్కెడలో వేయుచు చెప్పసాగెను. మిత్ అను మాట చివర ఆమె గొంతులో ఏదో ఆగినట్లుండెను. అది నా నోట పలుకలేదు. ఆమె నాలుగుమారులు చెప్పినది, నేను నాలుగుమారులు తప్పితిని. ఆమెతో వచ్చిన పిల్ల పకపక నవ్వెను. అక్కయ్య లోపలినుండి, తమ్ముడూ, కాఫీ చల్లారిపోవుచున్నదిరా యని కేకవేసెను. ఆరువరకు వచ్చితిని. ఏడవదాని పేరు ఏయాయ్. ఎనిమిదికి పోవునంతలో తక్కెడ నిండినది, ఆమె లేచి ప్రక్కయింటికి పోయెను.